కొరూస్క్ సరస్సూ, చెడ్డ మెట్టూ



నేను బడిలో పనిచేసే రోజుల్లో, స్కాట్లండుకు పడమట వున్న స్కై ద్వీపాన్ని పటంలో చూపించి ఒక ప్రశ్న వేసేవాణ్ణి. "ఇక్కడ సముద్రానికి సుమారు పావు మైలు దూరంలో ఒక సరస్సు వున్నది. దాని నీళ్ళు ఉప్పనా, తియ్యనా?" క్లాసంతా "ఉప్పన!" అని అరిచేది. కాదు, అవి మంచినీళ్ళే.

ఆ సరస్సు పేరు కొరూస్క్. పొడవు సుమారు 2 మైళ్ళు. దాని చుట్టూ కూలిన్ కొండలు నల్లగా, రంపపు పళ్ళలాగా నిలబడి వుంటవి. మంచుయుగంలో ఈ కొండల మధ్య నుంచి మెల్లగా జారిన మంచు రాతిని ఎంతగా తొలిచిందంటే, సరస్సు అడుగు సముద్రమట్టం కన్నా పల్లంగా వున్నది! అయినా ఉప్పునీరు లోపలికి రాదు. మంచు అరగదీయలేకపోయిన రాయి సరస్సు ముందు గడపలాగా నిలిచింది. ఆ గడప దాటి సరస్సు నీరే స్కావెగ్ అనే చిన్న ఏరై సముద్రంలో కలుస్తుంది.

అక్కడికి రోడ్డు లేదు. ఎల్గోల్ అనే వూరి నుంచి కాలిబాట సముద్రపు వొడ్డునే పోతుంది. సరస్సు దగ్గరపడే వేళకు ఒక పెద్ద రాతిపలక అడ్డం వస్తుంది. అది ఏటవాలుగా సముద్రంలోకి దిగి వుంటుంది. దాన్నే "చెడ్డ మెట్టు" అంటారు. పలకలో ఒక చీలిక వున్నది. అందులో పాదం పెట్టి, చేతులతో రాయి పట్టుకుని, పక్కపక్కగా నడవాలి. రాయి గాబ్రో జాతిది, గరుకుగా వుండి బూటుకు పట్టు ఇస్తుంది. (ఈ కొండల రాళ్ళకు అయస్కాంత గుణం వుండటంచేత దిక్సూచి ముల్లు కూడా తప్పు దిక్కు చూపుతుంది!) తెలియనివారు చీలిక వెంబడే పైపైకి ఎక్కి చిక్కుకుంటారు. సగంలో దాన్ని వదిలి కిందికి దిగాలి.

1968లో సైనికులు అక్కడ బాటా, వంతెనలూ వేశారు. ఈ మెట్టును కూడా మందుగుండుతో పేల్చాలనుకున్నారు. కొండల్లో ఆపదపాలైనవారిని త్వరగా చేరవచ్చునన్నది వారి మాట. కొండలెక్కేవారు మాత్రం గట్టిగా అభ్యంతరం చెప్పారు. మెట్టు మిగిలింది.

నేనైతే మొదట పేల్చమనేవాణ్ణే. పిల్లలను విహారయాత్రకు తీసుకుపోయి, గంట గంటకూ తలలు లెక్కపెట్టుకున్నవాణ్ణి కదా! తరువాత తెలిసింది, ఎల్గోల్ నుంచి ఆ సరస్సు దాకా పడవలు కూడా పోతవట. రాయి ఎక్కలేనివారు పడవ ఎక్కవచ్చు. అప్పుడు నా ఓటు మార్చుకున్నాను.