ఫిర్యాదు – జవాబుదారీ

తన గోడు పైవారికి చెప్పుకోవలసి వచ్చినప్పుడు తెలుగువాడు వాడే మాటల్లో అనేకం ఫారసీ, అరబ్బీల నుండి ఉర్దూ నోట నడిచి వచ్చినవే. అర్జీ, ఫిర్యాదు, దాఖలా, రసీదు, జవాబు – ఇవి లేనిదే మన వ్యవహారం సాగదు. ఈ మాటల వరుసలోనే ఒక న్యాయమున్నది. ఫిర్యాదు ఇచ్చినవానికి రసీదు అందాలి. రసీదు ఇచ్చినవాడు జవాబు చెప్పాలి. నేడు సాఫ్ట్‌వేర్ తయారీదారులు ‘ఫీడ్‌బ్యాక్’ అని పిలుచుకుంటున్నది ఈ పాత న్యాయాన్నే.

నేసిన చీరను విప్పి మళ్ళీ నేయలేము. సాఫ్ట్‌వేర్ అటువంటిది కాదు. జనం చేతిలో ఉండగానే దానిని సరిదిద్దవచ్చు. అందుచేత వాడేవారి మాటకు ఇక్కడ ఉన్నంత విలువ మరే సరుకులోనూ లేదనటం అతిశయోక్తి కాదు. అయినా ఆ మాటను ఎట్లా సేకరించాలి, సేకరించి ఏమి చేయాలి అన్న విషయంలో తయారీదారులకూ వాడుకరులకూ సరైన అవగాహన కుదరలేదని మా అభిప్రాయం. దీనిని నేర్చుకోవటానికి దూరదేశాలకు పోనక్కరలేదు. మన మూడు ఊళ్ళే చాలును.

హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టును చూడండి. రైతు నెలరోజులు పురుగును సాకి, గూళ్ళు తెచ్చి రాశి పోస్తాడు. కొనేవారు చేతిలోకి తీసుకొని, నొక్కి చూచి, ధర పలుకుతారు. ధర తగ్గితే రైతుకు నష్టమని తెలుస్తుంది గాని కారణం తెలియదు. గూడు పలుచనైనదా, మరక పడినదా, జంటగూళ్ళు ఎక్కువైనవా? ఆ ఒక్కమాట ఎవరైనా చెబితే తరువాతి పంటకు దిద్దుకుంటాడు. చెప్పకపోతే దిగులుతో బండి ఎక్కుతాడు. సెల్‌ఫోనులో ఒక యాప్‌కు అయిదు నక్షత్రాలలో రెండు మాత్రమే ఇచ్చి ఊరుకోవటం కూడా ఇటువంటిదే. అది ధర మాత్రమే, కారణం కాదు. నక్షత్రాలను లెక్కపెట్టి, జనాభిప్రాయం తెలిసిపోయిందని తృప్తిపడే సంస్థ కూడా ఆ రైతు వలె చీకటిలోనే ఉన్నది.

కారణం చెప్పటమంటే ఏమిటో ధర్మవరం మగ్గం నేర్పుతుంది. ఫ్రాన్సు దేశపు జకార్డు 1804లో రూపొందించిన సాధనం ఇక్కడి మగ్గాల మీద నేటికీ పట్టుచీరల అంచుకూ కొంగుకూ పూలు పూయిస్తున్నది. అట్టలో రంధ్రమున్న చోట ఒక పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. కంప్యూటరుకు ఆజ్ఞలిచ్చే పద్ధతికి ఈ రంధ్రాల అట్టలే పూర్వరూపమని శాస్త్రజ్ఞులు చెబుతారు. పువ్వు రెక్క ఒకచోట తెగినట్లు కనిపిస్తే నేతగాడు ‘డిజైను బాగాలేదు’ అని ఊరుకోడు. ఎన్నో అట్ట దగ్గర, ఏ పోగు వద్ద, ప్రతి పువ్వుకూ వస్తున్నదా లేక ఒక్కదానికేనా అని చూచి చెబుతాడు. అప్పుడు దిద్దేవానికి పని సులువు. ఎక్కడ, ఎప్పుడు, ఏమి చేస్తుండగా, ఎన్నిసార్లు – ఈ నాలుగూ ఉన్న ఫిర్యాదే పనికివచ్చే ఫిర్యాదు.

ఇందుకు మన అక్షరమే ఒక ప్రసిద్ధ దృష్టాంతం. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న తెలుగు అక్షరాన్ని ఒక ప్రత్యేక సంకేతక్రమంలో పంపితే, అందుకున్న ఐఫోనులో ఆ సందేశం తెరవగానే యాప్ మూతపడిపోయేది. జ్ఞానానికి మొదటి అక్షరమే ప్రపంచమంతటా ఫోన్లను నిలిపివేసింది! కనుగొన్నవారు కేవలం కోపగించుకోలేదు. ఏ సంకేతం తరువాత ఏ సంకేతం ఉంటే ఇది జరుగుతున్నదో విడదీసి చూపారు. ఎవరు ప్రయత్నించినా అదే ఫలితం కనబడింది. ఆపిల్ సంస్థ అదే నెల 19వ తేదీన 11.2.6 అనే సవరణ విడుదల చేసి దోషాన్ని తొలగించింది. గట్టిగా అరచినందువలన గాక, స్పష్టంగా చూపినందువలననే పని సులువైంది.

ఇక తయారీదారుని ధర్మం. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద 2019 నుండి కార్లు తయారుచేస్తున్న కియా సంస్థ, 2023 జూన్‌లో 30,297 కారెన్స్ కార్లను సాఫ్ట్‌వేర్ సవరణ కోసం వెనుకకు పిలిచింది. డ్రైవరు ముందుండే సూచికల తెర శూన్యంగా మారే అవకాశమున్నదని చెప్పి, ఉచితంగా దిద్దుతామని ప్రకటించింది. నేడు కారు కూడా సాఫ్ట్‌వేర్ సరుకే. దోషముందని బహిరంగంగా ఒప్పుకోవటం పరువు తక్కువ కాదు. దాచిపెట్టటమే పరువు తక్కువ.

అయితే అడిగినదల్లా చేసిపెట్టటమే వినటమని భావించరాదు. చీర రంగు వెలిసిందని కొన్నవారు అంటే డిజైను మార్చి ప్రయోజనం లేదు. అద్దకం తొట్టి దగ్గరకు పోవాలి. వాడేవాడు చెప్పేది తన బాధ. దాని మూలం వెదకటం తయారుచేసేవాని పని. వచ్చిన మాటలను రకరకాలుగా వేరుచేసి, ఒకే మూలం గలవాటిని ఒకచోట చేర్చి, దిద్దినదాన్ని మొదట కొద్దిమంది చేత వాడించి చూచి, ఆ పిమ్మట అందరికీ ఇవ్వాలి. అన్నింటికంటే ముఖ్యంగా, చెప్పినవారికి ‘మీ మాట వలన ఇది మారింది’ అని తిరిగి తెలియజేయాలి. జవాబు రాని చోట రెండవసారి ఎవరూ నోరు విప్పరు.

అసలు నోరు విప్పనివారి సంగతి ఏమిటి? ఇదే మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టే ప్రశ్న. వేడినీళ్ళలో గూళ్ళు ఆడిస్తూ పట్టుదారం తీసే చేతులకు, రాళ్ళు మోసే చేతులకు, వయసు మళ్ళినవారి చేతులకు వేలిముద్రలు అరిగిపోతాయి. యంత్రం సరిపోలలేదంటుంది. ఆ తల్లి తన వేలిదే తప్పనుకొని ఇంటికి పోతుంది. ఆమె అయిదు నక్షత్రాలూ ఇవ్వదు, ఒక్కటీ ఇవ్వదు. కష్టించి పనిచేసేవారికీ వృద్ధులకూ వేలిముద్రలు పడటం లేదన్న సంగతి పైకి చేరినందువలననే, 2018 జనవరిలో ఆధార్ సంస్థ ముఖం ద్వారా గుర్తించే పద్ధతిని ప్రకటించింది. కాని అంతవరకు తిరిగిపోయినవారి లెక్క ఏ ఫిర్యాదుల పెట్టెలో దొరుకుతుంది? 2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్ ద్వారా ప్రారంభించింది. పౌరుని హక్కు కూడా ఇట్లా సాఫ్ట్‌వేర్ గుండా వస్తున్నప్పుడు, చెప్పలేనివాని దగ్గరకు మనమే వెళ్ళి అడగటం దయ కాదు, విధి.

మన భాషల విషయమూ అంతే. ఉర్దూలోని ‘జిందగీ’, ‘గజల్’ వంటి మాటల ధ్వనులను తెలుగులో సూచించటానికి అక్షరం కింద పెట్టే చుక్క – నుక్తా – కంప్యూటరు తెలుగులో చాలాకాలం లేదు. 2021లో వెలువడిన యూనికోడ్ 14వ సంచికలో అది చేరింది. యూనికోడ్‌కు ఎవరైనా ప్రతిపాదన పంపవచ్చు. అయితే ఆ గుర్తు వాడుకలో ఉన్నదని ఆధారాలు చూపాలి. అడిగినవారున్నారు కనుక చుక్క వచ్చింది. రెండు భాషల నీడలో చదువుకుంటున్న మనకు ఇంతకన్న దగ్గరి పాఠం ఏముంటుంది?

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. కంప్యూటర్ విద్యార్థులకు ప్రతి సంవత్సరం ఒక పని అప్పగించండి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరాలలో రేషన్ దుకాణం, సచివాలయం, మగ్గం, మార్కెట్టు వద్దకు పోయి, జనం రోజూ వాడే సాఫ్ట్‌వేర్ ఎక్కడ మొరాయిస్తున్నదో వారి మాటల్లోనే, తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాసుకొని రావాలి. ఎక్కడ, ఎప్పుడు, ఏమి చేస్తుండగా, ఎన్నిసార్లు అన్న వివరాలుండాలి. పేర్లు, ఆధార్ సంఖ్యలు ఉండరాదు. సంబంధించినవారికి పంపి, వచ్చిన జవాబును మళ్ళీ ఆ వీధికే చేరవేయాలి. ఖర్చు ఒక దస్తా కాగితం, కొద్దిపాటి బస్సు చార్జీలు.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు బెంగుళూరులోనో హైదరాబాదులోనో సాఫ్ట్‌వేర్ వ్రాస్తారు. తెర మీద ఒక ఫిర్యాదు కనబడినప్పుడు దానిని విసుగుగా మూసివేయకండి. ఫిర్యాదు చేసేవానికి మీ సరుకు మీద ఇంకా ఆశ ఉన్నది. ఆశ పోయినవాడు ఫిర్యాదు చేయడు, వాడటం మానేస్తాడు.