రెడ్డి పేరుంది సరే, ఆ 112 మంది పేర్లేవి?

ఓర్వకల్లు విమానాశ్రయానికి 2021లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. అంతకుముందే 2019లో ఆయన మీద పెద్ద సినిమా వచ్చింది. పెట్టుకోనీ, తీసుకోనీ. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన మనిషిని తక్కువ చేసి మాట్లాడే పని మాకు లేదు. తెల్లోళ్ళు ఆయన తలను 1877 దాకా కోటకు వేలాడదీసి జనాన్ని భయపెట్టారు. ముప్పై ఏళ్ళు! ఆ దుర్మార్గాన్ని ఎవడు మెచ్చుకుంటాడు? మా పేచీ వేరే.

ఆయన పుట్టింది పాలెగాళ్ళ ఇంట్లో. పాలెగాడంటే కోట, బంట్లు, ఊళ్ళ మీద వసూళ్ళు. ఆ వసూలు ఏ చేలల్లోంచి, ఎవరి రెక్కల్లోంచి వచ్చిందో సినిమాలో చూపరు. 1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి అప్పజెప్పాడు. మన్రో దొర వచ్చి 80 మంది పాలెగాళ్ళను అణిచి, కొందరికి పింఛన్లు పడేశాడు. నరసింహారెడ్డి చేతికొచ్చింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. తాతలు ఏలిన చోట ఆ చిల్లర లెక్కబెట్టుకోవాలంటే ఎవరికైనా మండుతది.

కానీ ఒక్క దొరకు మండితే తిరుగుబాటు లేస్తుందా? ఊరి కాపలా కాసే కట్టుబడి బంట్లకు జీతానికి బదులు మాన్యాలుండేవి. కుంఫిణీ వాటిని ఊడబెరుక్కుంటూ పోయింది. పాలెం పోయినోడికి పరువు పోయింది. మాన్యం పోయినోడికి కూడే పోయింది. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డ గుంపులో కూడు పోయినోళ్ళే ఎక్కువ. రెడ్డి పక్కన నిలబడ్డ వడ్డె ఓబన్నది రాళ్ళు కొట్టి, మట్టి మోసి బతికే కులం.

లెక్క వినండి. దాదాపు వెయ్యి మంది మీద వారెంట్లు పుట్టాయి. 412 మందిని వదిలేశారు, 273 మంది జామీను మీద బయటికొచ్చారు, 112 మందికి శిక్షలు పడ్డాయి. వెయ్యి మందిలో మన పిల్లలు చెప్పగలిగే పేర్లు ఎన్ని? ఒకటి. బాగా చదివినోడైతే రెండు.

‘పెద్దాయన పేరు చెబితే అందరినీ తల్చుకున్నట్టే కదా’ అంటారు కొందరు. అట్లయితే విమానాశ్రయానికి ఓబన్న పేరు పెట్టి, అందులోనే రెడ్డిగారిని తల్చుకోమనండి. ఒప్పుకుంటారా? ఊరి చెరువు తవ్వినోడి పేరు కట్ట మీద ఉండదు, తవ్వించినోడి పేరే ఉంటది. ఈ అలవాటే చరిత్ర పుస్తకంలోకీ దూరింది.

కోర్టు 112 మందికి శిక్ష వేసిందంటే పేరూ ఊరూ రాసుకోకుండా వేసి ఉండదు. ఫిబ్రవరి 22న పూలదండలు పట్టుకొని కోయిలకుంట్లకొచ్చే నాయకుల్ని మన సంఘాలు ముందుగానే కలవాలి. పాత దఫ్తరాలు తీయించి ఆ జాబితా తెలుగులో అచ్చేయించమని అర్జీ ఇవ్వాలి. పగిడ్యాల నుంచి అల్లగడ్డ దాకా ప్రతి బడి గోడ మీదా అతికిద్దాం. ఏ గేరి నుంచి ఎవరు పోయారో అప్పుడు పిల్లలే చదువుకుంటారు.