వెంటిలేటర్ పెడితే ఇక అంతేనా?

కేజీఎఫ్: ‘వెంటిలేటర్ పెట్టేశారంట’ అనే మాట చెవిన పడితే చాలు, రాబర్ట్‌సన్‌పేట నుంచి ముళబాగిలు దాకా చుట్టాలంతా బయల్దేరి వచ్చేస్తారు. పలకరింపునకు కాదు, కడసారి చూపునకు. 2020, 2021 కోవిడ్ రోజులు ఈ భయాన్ని మరింత గట్టిపరిచాయి. కాగితంపై సంతకం పెట్టమంటే కుటుంబ సభ్యులు వెనకాడటం, రేపు చూద్దాంలెమ్మని వాయిదా వేయడం, ఆఖరికి అంబు బ్యాగు నొక్కుకుంటూ రోగిని ఇంటికి తీసుకుపోవడం సరిహద్దు పల్లెలకు కొత్తేమీ కాదు. ఫ్లూ ముదిరి న్యుమోనియాగా మారినా ఇదే వరస. ఈ భయంలో నిజమెంత?

88 శాతం కథ

వెంటిలేటర్‌పై ఉంచిన కోవిడ్ రోగుల్లో నూటికి 88 మంది చనిపోతున్నారన్న వార్త 2020 ఏప్రిల్‌లో ప్రపంచమంతా పాకింది. న్యూయార్క్ ప్రాంతంలోని 12 ఆస్పత్రుల రోగులపై ఒక వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం దానికి మూలం. అసలు అంకెలు ఇలా ఉన్నాయి. వెంటిలేటర్‌పై పెట్టినవారు 1,151 మంది. వ్యాసం రాసే నాటికి వారిలో చనిపోయినవారు 282 మంది, ఇంటికెళ్లినవారు 38 మంది. మిగతా 831 మంది ఇంకా ఆస్పత్రి మంచాల మీదే ఉన్నారు. ఆ 831 మందిని పక్కనబెట్టి మిగిలిన 320 మందితోనే భాగిస్తే 88 శాతం వచ్చింది. అందరినీ కలిపి లెక్కిస్తే అప్పటికి మరణాలు 24.5 శాతం. రాసినవారు ఆ తర్వాత దీన్ని సరిదిద్దారు. అయితే సవరణ ఎవరి చెవినా పడలేదు. 88 మాత్రం జనం నోట్లో నిలిచిపోయింది.

అలాగని 24.5 కూడా తుది లెక్క కాదు. మంచంపై ఉన్నవారిలో ఇంకెందరు పోతారో అప్పటికి తెలియదు కదా. నిజం ఈ రెంటి నడుమ ఉంది. బ్రిటన్‌లో తొలి అల నాటి లెక్కలు చూసినా, యంత్రంపైకి వెళ్లినవారిలో చాలామంది దక్కలేదన్నది వాస్తవమే. కానీ వారు ఏ స్థితిలో యంత్రం దాకా వచ్చారు, వచ్చాక చుట్టూ ఏముంది అన్నదాన్ని బట్టి ఆ శాతం ఎంతగానో మారిపోయింది.

యంత్రం మందు కాదు

వెంటిలేటర్ వైరస్‌ను చంపదు. వైరస్ దెబ్బకు ఊపిరితిత్తుల్లోని గాలి గదులు నీటితో నిండిపోయి, నానిన స్పాంజిలా బరువెక్కుతాయి. రోగి ఎగశ్వాసతో అలసిపోతాడు. అప్పుడు యంత్రం ఆ పనిని తన మీద వేసుకుని, ఊపిరితిత్తులు కోలుకునేదాకా గడువు ఇస్తుంది. అంతే. ఆ గడువులో ఏం చేస్తారన్నదే ప్రాణం నిలబెట్టేది.

దీనికి తొలి పాఠం కూడా వైరస్ జబ్బు నుంచే వచ్చింది. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించింది. ఊపిరి కండరాలు చచ్చుబడిన తొలి 31 మందిలో 27 మంది చనిపోయారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు గొంతుకు రంధ్రం చేసి, గొట్టం వేసి, రబ్బరు సంచితో చేత్తో గాలి కొట్టించాడు. దాదాపు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు సంచి నొక్కారు. మరణాలు సగానికి పైగా తగ్గాయి. అక్కడ కొత్త యంత్రమేమీ రాలేదు, చేతులు వచ్చాయి.

ఆ తర్వాత తేలిన సంగతులూ ఇదే దారి. గాలి ఎక్కువ కొడితే ఊపిరితిత్తులు చినుగుతాయని 2000లో అమెరికాలో రుజువైంది. కిలోకు 12 మిల్లీలీటర్ల చొప్పున కాక 6 చొప్పున ఇస్తే మరణాలు 39.8 నుంచి 31 శాతానికి తగ్గాయి. రోగిని రోజుకు 16 గంటలపాటు బోర్లా పడుకోబెడితే 28 రోజుల్లోపు మరణాలు 32.8 నుంచి 16 శాతానికి పడ్డాయని 2013లో ఫ్రాన్స్ వైద్యులు చూపారు. కోవిడ్‌లో 2020 జూన్‌లో బ్రిటన్ పరిశోధన ఇచ్చిన కబురు ఇంకా పెద్దది. డెక్సామెథాసోన్ అనే పాత, చవక స్టెరాయిడ్ వాడితే వెంటిలేటర్‌పై ఉన్నవారిలో మరణాలు 41.4 నుంచి 29.3 శాతానికి దిగాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం దాంతో లాభం కనబడలేదు. అయినా మనవాళ్లు జ్వరం రాగానే మందుల షాపులో కొనుక్కుని మింగారు, అది వేరే కథ.

బరువైన మనిషిని గొట్టం ఊడకుండా బోర్లా తిప్పాలంటే నలుగురైదుగురు కావాలి. యంత్రంపై ఉన్న రోగి ఒక్కొక్కరికీ ఒక నర్సు ఉండాలన్నది ఐసీయూ నియమం. పది వెంటిలేటర్లుంటే మూడు షిఫ్టులకు 30 మంది, సెలవులూ వారాంతపు విరామాలూ కలిపితే 40 దాటాల్సిందే. పీఎం కేర్స్ నుంచి 50 వేల వెంటిలేటర్లకు రూ.2 వేల కోట్లు ఇస్తున్నట్టు 2020 మే 13న ప్రకటించారు. వాటిలో 30 వేలు మైసూరు స్కాన్‌రేతో కలిసి బెంగళూరు బీఈఎల్ తయారు చేసినవే. సరిగ్గా ఏడాదికి, 2021 మే నెలలో, రాష్ట్రాలకు పంపిన యంత్రాలు ఎక్కడ ఎలా పడి ఉన్నాయో ఆడిట్ చేయాలని ప్రధానే ఆదేశించాల్సి వచ్చింది. పెట్టెలు వచ్చాయి, వాటిని నడిపే మనుషులు రాలేదు.

భవనం ఉంది, మరి..?

కేజీఎఫ్‌కు ఈ తేడా బాగా తెలుసు. 2001లో గనులు మూతపడటంతోనే చాంపియన్ రీఫ్స్‌లోని బీజీఎంఎల్ ఆస్పత్రి కూడా మూగబోయింది. ఇరవై ఏళ్లు దుమ్ము పట్టిన ఆ వార్డులను 2021 మే నెలలో అప్పటి ఎంపీ ఎస్.మునిస్వామి ఆధ్వర్యంలో వలంటీర్లు కడిగి, కోవిడ్ రోగుల కోసం సిద్ధం చేశారు. మెచ్చదగ్గ పనే. కానీ గోడలు కడిగితే వార్డు అవుతుందిగానీ ఐసీయూ కాదు.

పైగా ఇది గని కార్మికుల ఊరు. రాతి ధూళితో వచ్చే సిలికోసిస్ ఇక్కడి గని కార్మికుల్లో నూటికి నలభై మందికి పైగా ఉందని 1947 నాటి పరిశీలన చెప్పింది. అప్పటికే సగం చెడిన ఊపిరితిత్తులకు వైరస్ న్యుమోనియా తోడైతే యంత్రం చేయగలిగింది తక్కువ. లైన్లలో మిగిలిన పాత గని కార్మికులకు ఏటా ఫ్లూ టీకా వేయడం వెంటిలేటర్ కంటే చవక.

ఇక దూరం. కేజీఎఫ్ నుంచి కోలారు ఎస్‌ఎన్‌ఆర్ జిల్లాస్పత్రికి, టమకలోని జాలప్ప ఆస్పత్రికి ముప్పై కిలోమీటర్ల పైమాటే. అక్కడ పడక లేదంటే బెంగళూరు. లేదా సరిహద్దు దాటి కుప్పం పీఈఎస్, ఇంకా పోతే వేలూరు సీఎంసీ. ‘ముందు కోలారు చూద్దాం, కాకుంటే కుప్పం’ అని తిరిగేలోగా ఆరేడు గంటలు కరిగిపోతాయి. రేషన్ కార్డు ఈ రాష్ట్రానిది, ఆస్పత్రి ఆ రాష్ట్రానిది అయితే కౌంటర్ దగ్గర మరో గంట. ఆక్సిజన్ 94కు దిగినప్పుడు బయల్దేరినవాడికీ, 70కి పడ్డాక వచ్చినవాడికీ ఒకే యంత్రం ఒకే ఫలితం ఇవ్వదు.

చేరాక కూడా పైపులో ఒత్తిడి తగ్గకూడదు. 2021 మే 2 రాత్రి నుంచి 3 ఉదయం దాకా చామరాజనగర జిల్లాస్పత్రిలో 24 మంది, మే 10న తిరుపతి రుయాలో 11 మంది చనిపోయారు. రుయాలో ఆక్సిజన్ తిరిగి నింపడంలో జరిగిన కొద్ది నిమిషాల జాప్యమే కారణమని అధికారులే చెప్పారు. ఆ మరణాలను ‘వెంటిలేటర్ పెట్టినా బతకలేదు’ అన్న ఖాతాలో వేయడం ఎంతవరకు న్యాయం?

లెక్క కావాలి

కర్ణాటక ఆరోగ్యశాఖ కోవిడ్ బులెటిన్ పద్ధతిగానే ఉండేది. జిల్లావారీగా కేసులు, డిశ్చార్జీలు, మరణాలు, ఐసీయూలో ఉన్నవారి సంఖ్య ఇచ్చేవారు. చనిపోయినవారి వయసు, ఇతర జబ్బులు, చేరిన తేదీ, పోయిన తేదీ కూడా ఉండేవి. చేరిన రోజే పోయినవారు, దారిలోనే ప్రాణం విడిచినవారు అందులో కనబడేవారు. కానీ వెంటిలేటర్‌పై పెట్టినవారెందరు, దిగి ఇంటికి నడిచినవారెందరు అన్న వరుస మాత్రం అందులో లేదు. కోలారు మనిషి కుప్పంలో పోతే ఏ జిల్లా పద్దు?

కోవిడ్ అక్రమాలపై జస్టిస్ జాన్ మైకేల్ డికున్హా కమిషన్ 2024 ఆగస్టు 31న మధ్యంతర నివేదిక ఇచ్చింది. దానిపై రేగిన రచ్చ ఎక్కువగా కొనుగోళ్ల చుట్టూనే తిరిగింది. రూపాయల లెక్క అడగాల్సిందే. దాంతోపాటు జిల్లాస్పత్రి నుంచి ఏటా నాలుగు అంకెలు బయటికి వస్తే చాలు: తీవ్ర వైరస్ జ్వరాలతో వెంటిలేటర్ పెట్టినవారు, బతికి బయటపడ్డవారు, చేరేటప్పటికి వారి ఆక్సిజన్, ఆ షిఫ్టులో ఉన్న నర్సులు. రేపు ముళబాగిలు పల్లె నుంచి వచ్చిన కొడుకు ముందు సంతకానికి కాగితం పెట్టినప్పుడు, డాక్టరు చూపించడానికి ఆ అంకెలైనా ఉంటాయి.