గ్రీష్మచర్యను మరచిన ఇళ్ళు

మా కొల్లాపూర్‌లో చైత్రం దాటిందంటే పగలు పదకొండు గంటలకే వీధులు నిర్మానుష్యమవుతాయి. మూడేళ్ళ క్రితం, ఎనభై ఏళ్ళు పైబడిన మా తల్లిగారు ఆ వేడికి తాళలేక రెండు పర్యాయాలు సొమ్మసిల్లడంతో ఆమె గదిలో ఏసీ పెట్టించాము. గది చల్లబడింది, ఆమెకు నిద్ర పట్టింది. వారం గడిచాక ప్రహరీ గోడ కవతల ఉండే అవ్వ తన నులకమంచాన్ని వసారాలోంచి వీధివైపు ఈడ్చుకుపోవడం చూచి కారణమడిగాను. "మీ మిషను ఊపిరి మా మంచం మీదనే పడుతున్నది నాయనా, పండుకోనిస్తలేదు" అన్నది. ఆమె మాటలో నిష్ఠూరం లేదు. జరుగుతున్న సంగతి చెప్పిందంతే. అయినా ఆ మాట నన్ను చాలాకాలం వెన్నాడింది.

ఏసీ వేడిని నశింపజేయదు. గదిలోని వేడిని బయటికి మోసుకుపోతుంది. ఆ మోతకు అది ఖర్చుచేసే కరెంటు కూడా చివరకు వేడిగా మారి బయటికే వెళుతుంది. కనుక లోపల తగ్గిన దానికంటె వెలుపల పెరిగే తాపమే అధికం. ఇది గోడ అవతలి సంగతి. కంటికి కనిపించనిది మరొకటున్నది. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు ఒకటి నుండి ఒకటిన్నర యూనిట్ల కరెంటు తీసుకుంటుంది. మన దేశంలో ఒక యూనిట్ ఉత్పత్తికి సగటున సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడుతున్నది. రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే పది యూనిట్లు, అంటే ఏడు కిలోల వాయువు. ఇక యంత్రంలోని గ్యాసు సరేసరి. నేటి ఏసీలలో తరచుగా వాడే ఆర్-32 ఒక కిలో లీకైతే 675 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానమైన కీడు చేస్తుంది. గ్యాసు తగ్గిందంటే లీకు ఎక్కడుందో చూపించకుండా ఏటేటా నింపించుకునేవారు ఈ లెక్క ఒకసారి గుర్తుచేసుకోవాలి.

"మన పక్కనే శ్రీశైలం ఉన్నది, నీటి కరెంటుకు దోషమేమిటి?" అని మా మిత్రులొకరు వాదించారు. ఆ జలాశయం కోసం 1981 ప్రాంతంలో కృష్ణ ఒడ్డున ఉన్న మా ప్రాంతపు ఊళ్ళు ఎన్నో మునిగిపోయాయి. జటప్రోలు ఆలయాలను రాయి రాయిగా విప్పి మరొకచోట నిర్మించవలసి వచ్చింది. అంతటి త్యాగంతో వచ్చిన కరెంటు గనుక దాని విలువ మాకు తెలియాలి. కాని మన ఏసీలు విరామం లేకుండా తిరిగే ఏప్రిల్, మే మాసాలలోనే ఆ జలాశయం అడుగంటుతుంది. నీట మునిగి ఉండే సంగమేశ్వరాలయం బయటపడేది సాధారణంగా వేసవిలోనే. ఆ రోజులలో మన గదులను చల్లబరచేది ప్రధానంగా బొగ్గే.

చరకసంహిత విమానస్థానంలోని మూడవ అధ్యాయం పేరు జనపదోద్ధ్వంసనీయం. గంగాతీరాన కాంపిల్యంలో ఆత్రేయ పునర్వసువు అగ్నివేశునికి చేసిన బోధ అది. మనుషుల ప్రకృతి, ఆహారం, బలం, వయస్సు వేరువేరు కదా, అందరూ ఒకేసారి ఒకే వ్యాధికి గురై జనపదాలు ఎట్లా నశిస్తాయి అన్నది శిష్యుని సందేహం. వాయువు, జలం, దేశం, కాలం అనే నాలుగూ అందరికీ సమానమైనవనీ, అవి చెడితే ఎవరి దేహబలమూ ప్రత్యేకంగా కాపాడలేదనీ గురువు సమాధానం. ఆ చెడుగుకు మూలం అధర్మమని, దానికి మూలం ప్రజ్ఞాపరాధమని, అంటే తెలిసీ చేసే తప్పిదమని ఆయన చెప్పాడు. ఆయన ఆ దోషాన్ని దేశాన్నీ నగరాలనూ ఏలే ప్రధానుల వద్దనే మొదలుపెట్టి, వారిననుసరించే పౌరుల వరకు తీసుకువచ్చాడు. ఇళ్ళలోని వారు ఏమి చేసి ఏమి లాభం, పెద్ద పెద్ద కర్మాగారాలు ఉన్నాయి కదా అనేవారికీ, ప్రభుత్వాలకు బాధ్యత లేదు, అంతా గృహస్థులదే అనేవారికీ అందులో జవాబున్నది.

కాలం చెడినదనడానికి మాకు నిదర్శనాలు కరువు లేదు. పారిశ్రామిక యుగానికి ముందటి కాలంతో పోలిస్తే 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువగా నమోదయింది. 2015 మే నెలలో వడగాడ్పులకు తెలుగు రాష్ట్రాలు రెండింటిలో కలిపి వేయిమందికి మించి మరణించారు. మా మామిడి తోటల సంగతీ అంతే. పుష్యమాసపు రాత్రులు చల్లగా ఉంటేనే బేనిషాన్ చక్కగా పూతకు వస్తుంది. ఆ చలి తగ్గిన ఏడు పూత ఆలస్యమై తోటల గుత్తదారులు తలలు పట్టుకుంటారు.

వాగ్భటుడు అష్టాంగహృదయంలో గ్రీష్మచర్యను వివరిస్తూ మధురమూ, లఘువూ, చల్లనిదీ, ద్రవరూపమూ అయిన ఆహారం తీసుకోమన్నాడు. ఉప్పు, కారం, పులుపు, వ్యాయామం తగ్గించమన్నాడు. పానకాన్ని కొత్త మట్టిపాత్రలో ఉంచమన్నాడు. మన పెద్దలకు ఇది వేరే శాస్త్రంగా తెలియదు, ఇంటి పద్ధతిగా తెలుసు. రంజనులో నీరు, ఉదయం జొన్న అంబలి, మధ్యాహ్నం తాటిముంజలు, కిటికీలకు వట్టివేళ్ళ తడికలు, చౌడు పోసిన మట్టిమిద్దె. ఆ మిద్దె కింద మే నెలలో కూడా నడుము వాల్చగలిగేవారం. మజ్జిగ విషయంలో మాత్రం చాలామంది పొరబడుతున్నారు. పులిసిన మజ్జిగ గ్రీష్మానికి పనికిరాదు. పులవని పెరుగును బాగా చిలికి, నీరు అధికంగా చేర్చిన పలుచని మజ్జిగే మేలు. అందులో నానిన సబ్జా గింజలు వేసుకోవచ్చు. పానకం మధుమేహులకు తగదు. మూత్రపిండ వ్యాధులున్నవారు ఎంత నీరు, ఎంత ఉప్పు అన్నది వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి.

మట్టిమిద్దెలను పడగొట్టి కాంక్రీటు స్లాబులు వేసుకున్నాము. తిరిగి వెనుకకు వెళ్ళమని నేను చెప్పడం లేదు, వెళ్ళలేము కూడా. కాని స్లాబు మీద సున్నం వేయడానికి అడ్డేమున్నది? నిరుడు ఫాల్గుణంలో మేడను కడిగించి, సున్నంలో కాస్త జిగురు కలిపి రెండు పూతలు వేయించాము. (సున్నం కళ్ళలో పడితే ప్రమాదం, కూలివారికి కళ్ళద్దాలు ఇవ్వాలి.) తెల్లని కప్పు ఎండను తిప్పికొడుతుంది. గదిలో రెండు మూడు డిగ్రీల తేడా మాకే తెలిసింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది కూడా ఈ ఉద్దేశంతోనే. పడమటి గోడకు పందిరి వేసి తిప్పతీగ పాకించాము. అది నీడకు నీడ, మందుకు మందు.

ఏసీని తీసివేయలేదు. వృద్ధులు, హృద్రోగులు, పసివారు ఉన్న ఇంట్లో నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీల ఎండలో ఫ్యానుతోనే సరిపెట్టుకొమ్మనడం వైద్యం కాదు, మొండితనం. కాని 18లో పెట్టి దుప్పటి కప్పుకునే అలవాటును ఏమనాలి? ఒక డిగ్రీ పెంచితే కరెంటు సుమారు ఆరు శాతం ఆదా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతున్నది. మేము 26లో ఉంచి ఫ్యాను వేస్తున్నాము. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకునేది, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరుగుతున్నది. కందిపప్పు నానబెట్టి, మూతపెట్టి వండడం, బజారుకు నడిచి వెళ్ళడం, అన్నం పారవేయకపోవడం వంటివి ప్రతి ఇల్లాలికీ తెలిసినవే గనుక విస్తరించను. 14.2 కిలోల గ్యాసు బండ మండితే నలభై కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు అవుతుందని మాత్రం తెలిసి ఉండడం మంచిది.

ఈ మాటలన్నీ మనవంటి మధ్యతరగతి వారికే. ఒక ఫ్యాను, ఒక బల్బు ఉన్న అవ్వకు పొదుపు బోధించవలసిన పని లేదు. భూతాపానికి ఆమె చేసిన దోహదం అత్యల్పం, అనుభవిస్తున్నది మాత్రం మనకంటె ఎక్కువ.

ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఎండదెబ్బ తగిలినవారికి మాట తడబడినా, స్పృహ తప్పుతున్నా, చర్మం కాలిపోతున్నా గృహవైద్యంతో కాలహరణం చేయవద్దు. నీడకు చేర్చి, దేహాన్ని నీటితో తడిపి విసరుతూ, వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. స్పృహ లేనివారి నోట ఏదీ పోయకూడదు.

మా ఏసీ వెలుపలి పెట్టెను ప్రహరీ వైపు నుండి మేడమీదికి మార్పించాము. దానికి రెండు వేలు ఖర్చయింది, మెకానిక్ నాలుగుసార్లు తిప్పించాడు. మిగిలిన సున్నంతో అవ్వ వసారా రేకులకు కూడా ఒక పూత వేయించాము. ఆమె మంచం మళ్ళీ పాతచోటికి వచ్చింది. ఆ రేకుల మీది పూత వానలకు చాలావరకు కొట్టుకుపోయింది, వచ్చే ఫాల్గుణంలో మళ్ళీ వేయించాలి.