మౌస్ మొరాయిస్తే పని ఆగాలా?

ఇంట్లోనే ప్రశ్నపత్రాలు టైపు చేస్తూ పిల్లల ఫీజులకు తోడ్పడుతున్న ఒక సోదరి ఇటీవల తమ ఇబ్బందిని మాతో పంచుకున్నారు. తెల్లవారితే పత్రం అప్పగించాలి. వెడల్పైన పట్టిక కోసం పేజీని అడ్డంగా మార్చవలసి ఉంది. సరిగ్గా అప్పుడే మౌస్ పనిచేయడం మానేసింది. దుకాణాలు మూసివేశారు. నిద్రలో ఉన్న కుమారుణ్ణి లేపడానికి ఆమెకు మనసొప్పలేదు. ఇంత చిన్న పరికరం లేకపోతే పని ఆగిపోవలసిందేనా అన్నది ఆమె ప్రశ్న.

ఆగనవసరం లేదు. మనకు కావలసిన ఆదేశం ఏ మెనూలో ఉందో గుర్తుండకపోయినా, దాని పేరు తెలిస్తే చాలు. మైక్రోసాఫ్ట్ వర్డ్ 2016లోనూ, ఆ తరువాతి వెర్షన్లలోనూ ఆల్ట్ మీటను నొక్కి ఉంచి ‘క్యూ’ నొక్కండి. కర్సర్ పైనున్న వెదికే పెట్టెలోకి చేరుతుంది. అక్కడ ఇంగ్లీషులో ‘ఓరియెంటేషన్’ అని టైపు చేసి, బాణం మీటలతో ఆ ఆదేశాన్ని చేరుకుని, ‘ల్యాండ్‌స్కేప్’ను ఎంచుకుని ఎంటర్ నొక్కితే పేజీ అడ్డంగా మారుతుంది.

గూగుల్ డాక్స్‌లో ఇదే పనికి ఆల్ట్‌తోపాటు ఏటవాలు గీత మీటను నొక్కాలి. లిబ్రెఆఫీస్ 7.2, ఆపై వెర్షన్లలో షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కాలి. ఆపిల్ మ్యాక్‌లో కమాండ్, షిఫ్ట్, ఏటవాలు గీత మీటలను కలిపి నొక్కితే హెల్ప్ మెనూలోని వెదికే పెట్టె తెరుచుకుంటుంది.

ఆదేశం పేరు కూడా గుర్తుకు రాకపోతే? వర్డ్‌లో ఆల్ట్ మీటను ఒక్కసారి నొక్కి వదలండి. పైనున్న ప్రతి విభాగం మీదా ఒక అక్షరం కనిపిస్తుంది. ఇంగ్లీషు వర్డ్‌లో ‘పీ’ నొక్కితే పేజీ అమరిక విభాగం, ఆపై ‘ఓ’ నొక్కితే ఓరియెంటేషన్ వస్తాయి. దారి తప్పితే ఎస్కేప్ నొక్కి వెనక్కి రావచ్చు. ఏ అక్షరాన్నీ కంఠస్థం చేయనక్కరలేదు. తెరే దారి చూపుతుంది.

ఈ పద్ధతి మౌస్ చెడిపోయిన రాత్రికే పరిమితం కాదు. మణికట్టు నొప్పితో బాధపడేవారికీ, చేతులు వణికే పెద్దలకూ ఇది ఊరట. చూపులేనివారు ఎందరో తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ తోడుగా, కేవలం కీబోర్డుతోనే ఉద్యోగాలు చేస్తున్నారు.

అవసరం ముంచుకొచ్చాక నేర్చుకోబోతే చేతులు తడబడతాయి. కనుక ఈ రోజే ఒక పది నిమిషాలు మౌస్‌ను పక్కన పెట్టండి. ఒక ఖాళీ పత్రం తెరిచి, పైన చెప్పిన మార్పును మీరే చేసి చూడండి. తరువాత కంట్రోల్, ‘ఎస్’ మీటలతో దాన్ని భద్రపరచండి. పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. మరోసారి ఇలాంటి రాత్రి ఎదురైతే ఇంట్లో ఎవరి నిద్రా చెడదు, ఒప్పుకున్న పనీ ఆగదు.