మొదటి పగడము ఏది?



అమెరికాలో ఉద్యోగము చేసికొనుచున్న మన ప్రాంతపు దంపతులు మాకు ఒక ఉత్తరము వ్రాసినారు. పిల్లలు ముచ్చటపడగా ఇంటిలో ఉప్పునీటి తొట్టి పెట్టుకొన్నారట. నీళ్లు నింపి పది దినములైనది. "అయ్యగారూ, మొదట ఏ పగడము కొనమంటారు?" అని అడిగినారు. పశువులను, కోళ్లను పెంచుకొను మన గ్రామ కుటుంబములకు ఇది దూరపు సంగతిగా కనబడవచ్చును. కాని మన పిల్లలు, మనుమలు అనేకులు ఆ దేశములలోనే ఉన్నారు గదా! గనుక మేము చదివి, తెలిసినవారిని అడిగి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పగడమనగానే మనకు ఉంగరములోని ఎఱ్ఱని పూస జ్ఞాపకము వచ్చును. అది ముఖ్యముగా మధ్యధరా సముద్రములో దొరకు వేరొక జాతి. తొట్టిలో పెంచునవి వెచ్చని సముద్రముల దిబ్బలమీద బ్రతుకునవి. ఇది చెట్టు కాదు, రాయి కాదు, జంతువు. చిన్న నోరు, దాని చుట్టు వ్రేళ్లవంటి అవయవములు ఉండును. దాని శరీరములో కంటికి కనబడని నాచు కాపురముండి, వెలుతురుతో ఆహారము తయారుచేసి దానికి పంచిపెట్టుచుండును. నీరు మితిమీరి వేడెక్కినచో ఆ నాచు వెళ్లిపోవును, పగడము తెల్లబడును. అది తిరిగి రాకపోతే ఆకలితో చచ్చును.

ఇక వారి ప్రశ్నకు వచ్చెదము. పదవ దినమున ఏ పగడమూ కొనవద్దు. మన కోస్తాలో రొయ్యల చెరువులు చేయువారికి కారణము చెప్పనక్కరలేదు; అమోనియా అన్న మాటకే వారికి నిద్ర పట్టదు. క్రొత్త తొట్టిలో అమోనియాను నైట్రైటుగా, దానిని నైట్రేటుగా మార్చు సూక్ష్మజీవులు ఇంకా స్థిరపడియుండవు. దీనికి సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు పట్టును. పరీక్షలో అమోనియా, నైట్రైటు రెండును సున్నా చూపువరకు ఆగవలెను. ఉప్పు లీటరుకు 35 గ్రాముల దగ్గర, వేడిమి 25, 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండవలెను. ఆవిరైపోయిన నీటికి బదులు మంచినీరే, అదియు ఆర్.ఓ. నీరే పోయవలెను, ఉప్పు ఆవిరి కాదు గనుక మరల ఉప్పునీరు పోసినచో అంతకంతకు చిక్కనగును. ఉప్పుమడులు చూచినవారికి ఇది తెలిసినదే.

అప్పుడు మొదట తేవలసినది పుట్టగొడుగు పగడము. డిస్కోసోమా అని దాని పేరు. శాస్త్రజ్ఞులు దీనిని అసలు పగడమునకు దాయాది అందురు. ఆ తగవు మనకెందుకు? కొద్దిపాటి వెలుతురు, మెల్లని ప్రవాహము చాలును. నీటిలో చిన్న తేడాలను ఓర్చుకొనును. దాని తరువాత తోలు పగడము, అనగా సార్కోఫైటాన్. ఇది అప్పుడప్పుడు ముడుచుకొని, కొన్ని దినములు మైనమువంటి పొర కప్పుకొని, దానిని వదలి మరల విచ్చుకొనును. చచ్చినదని పారవేయవద్దు! ఈ రెండింటికిని సున్నపురాతి అస్థిపంజరము లేదు గనుక కాల్షియము, క్షారత లెక్కలు ప్రతిదినము చూచుకొను భారము తక్కువ. పచ్చని నక్షత్రములవలె విచ్చుకొను గ్రీన్ స్టార్ పాలిప్, పిడికిలి మూసి తెరచినట్లు కదలు జీనియా కూడ సులభముగా బ్రతుకును. అయితే ఇవి తుంగవలె ప్రాకును. విడి రాతిమీద ఉంచనిచో తొట్టి అంతయు వాటిదే.

అంగడివారు సాధారణముగా జోయాంథిడ్‌లను కూడ మొదటి పగడములుగా అమ్ముదురు. చిన్న చిన్న రంగుల పూలవలె ఎంతో ముద్దుగా ఉండును. ఇక్కడ తల్లిదండ్రులు ఆగి చదువవలెను. వీటిలో కొన్నిటియందు పాలిటాక్సిన్ అను ఘోరమైన విషమున్నది. 1971లో హవాయిలోని ఒక జాతినుండి దానిని వేరుచేసినారు. అలాస్కాలో 2012, 2014 మధ్య ఇండ్లలోను అంగళ్లలోను ఆ విషమును పీల్చి జబ్బుపడినవారి సంగతి వైద్య నివేదికలలో ఉన్నది. అవి పెరిగిన రాతిని వేడినీట మరిగించరాదు, గట్టిగా తోమరాదు. చేతులకు తొడుగులు, కన్నులకు అద్దములు లేక ముట్టరాదు. పసిపిల్లలున్న ఇంటికి వద్దనియే మా సలహా. పుట్టగొడుగు పగడములో రంగులు తక్కువా ఏమి?

అంగడిలోని నీలి దీపము క్రింద ప్రతి పగడమును నిప్పుకణమువలె మెరయును. చూపరులను పట్టివేయునది అక్రోపోరా, కొమ్మలు కొమ్మలుగా ఉండునది. దానికి బలమైన వెలుతురు, ప్రవాహము, లీటరుకు 400 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము, నిలకడగల క్షారత కావలెను. ఏడాది నిండని తొట్టికి అది తగదు. పూలగుత్తివలె ఊగు గోనియోపోరా సంగతియు అంతే. మొదట బాగుగానే కనబడి నెలల తరబడి క్షీణించి చచ్చునని దానికి పాత పేరున్నది.

కొనునప్పుడు "ఇది సముద్రములోనుండి తీసినదా, తొట్టిలో పెంచినదా?" అని తప్పక అడుగవలెను. పెద్ద పగడమునుండి చిన్న ముక్క కోసి, బిళ్లకు అంటించి పెంచినదానిని ఫ్రాగ్ అందురు. అరచేతిలో ఇమిడే అటువంటి ముక్క చవక, తొట్టి నీటికి అలవాటుపడినది, దిబ్బనుండి ఏమియు తగ్గించదు. ఎన్ని వారములనుండి అంగడిలో ఉన్నదో కూడ అడుగవలెను. నిన్న దిగినదానిని తేవద్దు. ఇంటికి తెచ్చిన తరువాత క్రిమికీటకములు పోవు మందునీటిలో ముంచి, కొన్ని దినములు మసక వెలుతురులో ఉంచి, పిమ్మట పైకి జరుపవలెను. ఆ దంపతులకు మేము వ్రాసినది ఇదే: పుట్టగొడుగు ముక్క ఒకటి, తోలు పగడపు ముక్క ఒకటి, ఆపైన రెండు నెలలు అంగడి ముఖము చూడవద్దు.

మన దేశములో ఉన్నవారికి ఈ సలహా వర్తించదు. మన్నారు సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాన్ నికోబార్, కచ్ సింధుశాఖలలో మనకు పగడపు దిబ్బలున్నవి. తూత్తుకుడి ప్రాంతములో ఒకప్పుడు సున్నము కొరకు వాటిని త్రవ్వి బండ్లకెత్తినారు. 2001లో రాతి పగడములను, నల్ల పగడములను, సముద్రపు విసనకఱ్ఱలను వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చినారు. పులికి ఉన్న రక్షణయే వీటికిని ఉన్నది. గనుక సెలవులకు వచ్చిన పిల్లలు రామేశ్వరము తీరమున ఎవరైనను తెల్లని పగడపు రాతిని చూపి బేరమాడినచో, అది చచ్చినదే గదా అని సంచిలో వేసికొనరాదు. దానికి కూడ జైలుశిక్ష ఉన్నది.