రెండు రోజులకు లెక్క చెప్పాల్నా?

సర్కారు స్కాలర్‌షిప్ మీద విదేశం పోయిన మాదిగ పిల్లగాడు శని, ఆదివారాలు ఎక్కడుండాలి? లైబ్రరీలో ఉండాలి. లేదంటే హోటల్‌లో గిన్నెలు కడుగుతుండాలి. స్పెయిన్‌లో మాత్రం ఉండకూడదు. ఈ మాట నాకు ఒక అగ్రకులపోడు చెప్పిండు. మనోడు కూడా చెప్పిండు. ఎన్నడూ ఒక మాట మీద నిలబడని ఇద్దరు నా రెండు రోజుల తిరుగుడు దగ్గర ఒక్కటైండ్రు. అందుకే ఇది రాస్తున్న.

నేను పుట్టి పెరిగింది నాచారంలో, పారిశ్రామికవాడ గోడలకు ఆనుకున్న బస్తీలో. భువనగిరి అవతల మా ఊరు. అయ్య అక్కడినుంచి వచ్చి ఫ్యాక్టరీల్లో హమాలీ చేసిండు. అమ్మ హబ్సిగూడ దాకా నడిచిపోయి నాలుగిండ్లల్ల బాసన్లు తోమింది. మా ఇంట్లో డిగ్రీ దాకా పోయిన మొదటివాణ్ణి నేనే. అయ్య లోకానికి రెండే కొసలు. ఒక కొసన ఊరు, ఇంకో కొసన ఫ్యాక్టరీ గేటు. ఉప్పల్ కాడ బస్సెక్కి చావుకో పెండ్లికో పోవుడు, మళ్ళా ఉప్పల్ కాడ దిగుడు. ఊరికే, కండ్లారా చూసొద్దామని మా ఇంట్లో ఎవరూ ఎక్కడికీ పోలేదు. మాకు ప్రయాణమంటే వలస. లేదంటే చావు కబురు.

అమ్మ ఊరి సంగతులు ఎక్కువ చెప్పేది కాదు. ఒక్కటి మాత్రం మళ్ళా మళ్ళా చెప్పేది. చిన్నతనంలో బాయి కాడ దూరంగా నిలబడి దోసిలి పడితే, ఎవరికన్నా దయ కలిగినప్పుడు పైనుంచి నీళ్ళు పోసేటోళ్ళట. "దోసిలి పట్టి నిలబడి నిలబడి చేతులు గుంజేవి బిడ్డా" అనేది. దాహం గురించి చెప్పేది కాదు, చేతుల నొప్పి గురించే చెప్పేది.

2015లో ఎం.ఏ. చదువుకు ఇంగ్లండు పోయిన. మొదటి విడత డబ్బు వచ్చింది, రెండో విడత నెలల తరబడి రాలేదు. అయ్య నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి పంపిండు. నేను వారానికి ఇరవై గంటలు ఒక హోటల్ వంటింట్లో గిన్నెలు కడిగిన. విద్యార్థి వీసా మీద చదువు రోజుల్లో అంతకంటే ఎక్కువ చెయ్యనియ్యరు. గంటకు ఏడు పౌండ్ల ఇరవై పెన్నీలు. అమ్మ హబ్సిగూడలో చేసిన పనే నేను ఇంగ్లండులో చేసిన. తేడా ఏందంటే, అక్కడ నన్ను వంటింటి తలుపు కాడ ఆపలేదు, నేను తాగిన కప్పును వేరే పెట్టలేదు.

2016 మే నెలలో ముగ్గురు క్లాస్‌మేట్లు దక్షిణ స్పెయిన్ పోదామన్నరు. ఒకామె నైజీరియా, ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని వచ్చిండ్రు. నైజీరియా ఆమెకూ నాకూ మాత్రం షెంజెన్ వీసా కావాలి. అరవై యూరోల ఫీజు, మూడు నెలల బ్యాంకు కాగితాలు, తిరిగొస్తమని యూనివర్సిటీ చీటీ. రెండు రోజుల తిరుగుడుకు ఇన్ని కాగితాలు. చౌక విమానంలో మలాగా, అక్కడినుంచి బస్సులో గ్రనడా, రాత్రికి ఎనిమిది మంది పడుకునే గదిలో ఒక మంచం. మొత్తం నేను గిన్నెలు కడిగిన పైసలే. ఈ మాట తర్వాత పనికొస్తది, గుర్తుంచుకోండి.

గ్రనడాలో గుట్ట మీద అల్‌హంబ్రా కోట ఉంది. మన గోల్కొండ లెక్కనే. ముస్లిం రాజులు పదమూడో శతాబ్దంలో మొదలుపెట్టి కట్టుకుంటూ పోయిన కోట. దారో నది నీళ్ళను కిలోమీటర్ల పొడవునా కాలువ తవ్వి గుట్ట మీదికి తెచ్చిండ్రు. గది మధ్యలో నీళ్ళు, నడిచే బండ మధ్యలో సన్నటి కాలువలో నీళ్ళు, పన్నెండు రాతి సింహాల నోళ్ళలో నీళ్ళు. పక్కనే హెనెరలిఫె తోటలో మెట్లదారి ఒకటుంది. ఆ మెట్లకు అటూ ఇటూ చేత్తో పట్టుకునే గోడలే కాలువలు. చెయ్యి పెడితే నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కిందికి పోతుంటయి. అందరూ పెడుతున్నరు. నేనూ పెట్టిన. మెట్లు మొత్తం దిగేదాకా తియ్యలేదు. వెనకనుంచి ఎవరన్నా అరుస్తరేమోనని ఒకసారి తిరిగి చూసిన. నవ్వకండి. నిజంగనే చూసిన.

ఎందుకు చూసిన్నో చెప్త. అంబేద్కర్ తన బతుకులోని అనుభవాలు కొన్ని 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని రాసుకున్నడు. 1990లో అది పుస్తకంగా వచ్చింది. అందులో 1934 నాటి సంగతి ఒకటుంది. ఆయన, ఆయన వెంట ఉద్యమంలో పనిచేసేటోళ్ళు ముప్పై మంది దాకా వేరూల్ బౌద్ధ గుహలు చూడ్డానికి బయలుదేరిండ్రు. దారిలో దౌలతాబాద్ కోట. అది అప్పుడు నిజాం రాజ్యం, అంటే మన హైదరాబాద్ సంస్థానమే. దుమ్ము కొట్టుకుపోయి ఉన్నరు గనుక గేటు కాడున్న చిన్న నీటి తొట్టిలో ముఖం, కాళ్ళు కడుక్కున్నరు. ఒక ముసలాయన అరుచుకుంటూ వచ్చిండు, అంటరానోళ్ళు నీళ్ళు మైల చేసిండ్రని. అక్కడున్న ముస్లింలంతా పోగయ్యిండ్రు. కోట లోపల ఎక్కడా నీళ్ళు ముట్టకుండా చూడ్డానికి ఒక సాయుధ సిపాయిని వెంట పంపిండ్రు. అప్పటికి ఆయన కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చిన డాక్టర్. బారిస్టర్. రౌండ్ టేబుల్ సమావేశాల్లో కూర్చొని వచ్చినవాడు. ఈ దేశంలో మతాలు ఎన్నింటి దగ్గరో కొట్లాడుకున్నయి. మన నీళ్ళ దగ్గర మాత్రం కొట్లాడుకోలేదు.

ఒక కోట గేటు కాడ అంబేద్కర్‌ను ఆపిన నీళ్ళను ఇంకో కోటలో నేను చేత్తో పట్టుకున్న. నా రెండు రోజుల సంపాదన ఇది. ఏ లైబ్రరీ ఇస్తది నాకు దీన్ని?

స్పెయిన్ స్వర్గమని నేను చెప్పట్లేదు. 1492 జనవరిలో గ్రనడా ముస్లిం రాజు ఓడిపోయిండు. అదే ఏడు మార్చిలో, అదే కోటలో, యూదులను దేశం నుంచి వెళ్ళగొట్టే హుకుం మీద రాజూ రాణీ సంతకాలు పెట్టిండ్రు. ముస్లింలను బలవంతంగా క్రైస్తవుల్ని చేసిండ్రు, వాళ్ళ పిల్లల పిల్లలను కూడా 1609 నుంచి 1614 దాకా ఓడలెక్కించి పంపిండ్రు. అప్పటికే 1449లో తొలెదో నగరంలో ఇంకో నియమం వచ్చింది. మతం మారిన యూదుడి సంతానానికి పదవులు లేవు, ఎందుకంటే మతం మారినా రక్తం మారదట. దాని పేరు రక్తశుద్ధి. కొలువు కావాలంటే తాతముత్తాతల వంశం శుద్ధమని రుజువులు చూపాలి. ఇంగ్లీషులో 'క్యాస్ట్' అనే మాట కూడా ఆ పక్క నేలదే, పోర్చుగీసు 'కస్త' నుంచి వచ్చిందే. ఇదంతా చదువుతుంటే నాకు గుంటూరు, ప్రకాశం జిల్లాల మన క్రైస్తవ మాలమాదిగలు గుర్తొచ్చిండ్రు. చర్చికి పోయినా ఊరు వాళ్ళను వాడలోనే ఉంచింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మాత్రం మతం మారిండ్రు గనుక మీరు ఎస్సీలు కాదన్నది. ఊరి దగ్గర రక్తం మారలేదు, సర్కారు కాగితం దగ్గర మాత్రం మారింది.

సాయంత్రం సాక్రొమాంతె గుట్టకు పోయినం. గుట్టను తొలిచిన గుహ ఇండ్లు. అది హితానోల వాడ. యూరప్‌లో రోమా అనే జాతి, స్పెయిన్‌లో వాళ్ళను హితానోలు అంటరు. వాళ్ళ పూర్వీకులు సుమారు వెయ్యేండ్ల కింద మన దేశం నుంచి పోయినోళ్ళని భాషను బట్టి పండితులు తేల్చిండ్రు. నీళ్ళను వాళ్ళ మాటల్లో ఇప్పటికీ 'పానీ' అంటరు. 1425 నుంచి స్పెయిన్ కాగితాల్లో వాళ్ళ ఊసుంది. 1749లో రాజు ఒక్క దెబ్బన వేలాది మందిని, ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ విడదీసి బందీలు చేయించిండు. ఇవాళ వాళ్ళ ఫ్లమెంకో పాటా ఆటా స్పెయిన్ మొత్తానికి గొప్ప. గుహల ముందట టూరిస్టు బస్సులు. టికెట్టు కొనే పైసల్లేక నేను బయట నిలబడి విన్న. లోపలినుంచి చప్పట్ల దరువు. కండ్లు మూసుకుంటే మా ఊరి డప్పే. మా డప్పు కూడా చావుకు కావాలి, జాతరకు కావాలి, మంత్రి ఊరేగింపుకు కావాలి. డప్పు మోగినంతసేపు ముందు నడవాలి, ఆగినంక వాడకు పోవాలి. కళను ఇంట్లోకి పిలిచి కళాకారుణ్ణి గుమ్మం బయట నిలబెట్టే విద్య ఒక్క మన దేశానిదే కాదని ఆ గుట్ట మీద తెలిసింది.

అక్కడ దిగిన ఫొటో ఒకటి ఫేస్‌బుక్‌లో పెట్టిన. సోమవారం నా పక్క గదిలో ఉండే తెలుగోడు వచ్చిండు. వచ్చిన మొదటి వారంలోనే నా ఇంటిపేరు అడిగి, ఊరడిగి, "ఊళ్ళో ఎక్కడుంటరు బ్రో?" అని అడిగి సంగతి కనుక్కున్నవాడు. "స్పెయినా బ్రో? మా నాన్న కట్టే టాక్సు మంచిగనే ఖర్చు పెడుతున్నవు" అన్నడు. నవ్వుకుంటూనే అన్నడు. అతను అప్పటికే పారిస్ పోయొచ్చిండు, ఆమ్‌స్టర్‌డామ్ పోయొచ్చిండు. అతన్ని ఎవరు అడిగిండ్రు? అతని నాయన ఇంజనీరింగు చదివింది సర్కారు కాలేజీలో, సర్కారు ఫీజుతో. ఆ లెక్క ఎవరన్నా తీసిండ్రా? మా అయ్య కొన్న బీడీకట్ట మీద, అగ్గిపెట్టె మీద, సబ్బు మీద పన్ను లేదా? హమాలీ చెమట మీద నడిచిన ఫ్యాక్టరీ కట్టిన పన్నులో మా అయ్య వాటా లేదా?

అతని మాట నన్ను పెద్దగా గాయపెట్టలేదు, అలవాటే. గాయమైంది ఇంకో మాటతో. మా బస్తీలో పిల్లలకు ట్యూషన్ చెప్పిన పెద్దాయన ఉన్నడు. ఉద్యమాల్లో తిరిగినవాడు, నేనంటే ప్రాణం పెట్టేవాడు. ఫోన్‌లో అన్నడు: "తమ్ముడూ, బాబాసాహెబ్ అమెరికాలో పగలూ రాత్రీ చదివిండు. నిన్ను చదువుకోమని పంపినం గని తిరగమని పంపలే."

నాకు నోట మాట రాలేదు. గిన్నెలు కడిగిన పైసలే అన్నా అని చెప్పబోయిన. చెప్పిన కూడా. ఆ చెప్పినందుకే ఇప్పటికీ సిగ్గుపడుతున్న. అంటే స్కాలర్‌షిప్ పైసలైతే తప్పు చేసినట్టేనా? అగ్రకులపోడి కోర్టులో నా అంతట నేనే పోయి బోనులో నిలబడి, నేను దొంగను కాదని రుజువు చూపిన. స్కాలర్‌షిప్ భిక్ష అయితేనే లెక్క చెప్పాలి. అది భిక్ష కాదు, మా వాటా. వాటాలో అన్నం మాత్రమే మీది, సంతోషం మాది కాదని ఎవరన్నరు?

పెద్దాయనకు ఇప్పుడు నా జవాబు ఇది. అన్నా, బాబాసాహెబ్ 1913లో బరోడా స్కాలర్‌షిప్ మీద న్యూయార్క్ పోయిండు, చదివిండు, నిజం. అదే బాబాసాహెబ్ 1934లో దౌలతాబాద్ ఎందుకు పోయిండు? సభకు కాదు, కేసుకు కాదు. కోట చూడ్డానికి. గుహలు చూడ్డానికి. వెంట ముప్పై మందిని తీసుకుని పోయిండు. మనం ఆయన దగ్గర కష్టపడుడు నేర్చుకున్నం, ఈ దేశాన్ని కండ్లారా చూసే హక్కు ఆయనకుండెనని మరిచిపోయినం. వాళ్ళు మనల్ని పనిముట్లుగా చూసిండ్రు. మనం మన పిల్లల్ని ఉద్యమానికి పనిముట్లుగా చూస్తే తేడా ఎక్కడుంది?

లోకం చూసిన దళితుడంటే వీళ్ళకు భయమెందుకో 2022లో తేటతెల్లమైంది. కేంద్రం జాతీయ విదేశీ స్కాలర్‌షిప్ నియమాలు మార్చింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, ఇక్కడి సమాజం మీద పరిశోధనకు విదేశం పోయేటోళ్ళకు ఆ స్కాలర్‌షిప్ ఇవ్వమన్నది. అంటే దళిత విద్యార్థి లండన్ పోయి కంప్యూటరు చదవొచ్చు, కులం మీద చదవొద్దు. పోనియ్యి గని, పోల్చి చూడనియ్యకు. కొలంబియాలో అంబేద్కర్ 1916లో రాసింది దేని మీద? భారతదేశంలో కులాల మీదనే. ఈ నియమం అప్పుడుంటే ఆ వ్యాసమే లేదు.

ఇప్పుడు నేను ఉప్పల్‌లో సర్కారు బడి పంతులును. మా బడికి దగ్గర్లోనే సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. దేశానికి పటాలు గీసేటోళ్ళు చదువుకునే జాగ. మా పిల్లలు దాని గోడ వెంట నడిచి బడికొస్తరు. ఉప్పల్‌కు మెట్రో 2017 నవంబరులో వచ్చింది. మొన్న ఎనిమిదో తరగతిలో అడిగిన, మెట్రో ఎక్కినోళ్ళు చేతులెత్తండని. ముప్పై నాలుగు మందిలో ఆరుగురు ఎత్తిండ్రు. ఆ రైలు నీడలో నడిచే పిల్లలు.

గోల్కొండ తీసుకపోతనంటే స్టాఫ్‌రూములో ఒక సారు అన్నడు: "ముందు ఎక్కాలు రానియ్యండి సార్. వీళ్ళకు విహారయాత్రలెందుకు?" ఆయన పిల్లలు చదివే కార్పొరేటు స్కూలు ఆ నెలలోనే వాళ్ళను ఊటీ తీసుకపోయింది. ఎక్కాలు వచ్చినంకనే తీసుకపోయిండ్రా అని అడిగిన. ఆయన టీ తాగుడు ఆపి బయటికి పోయిండు. మేము గోల్కొండ పోయినం. గుట్ట మీదికి నీళ్ళెక్కించిన మట్టి గొట్టాలు చూపిన. ఒక పిల్ల తడిమి చూసి, "సార్, వీటిని చేసినోళ్ళ పేర్లు ఎక్కడ రాసిండ్రు?" అని అడిగింది. ఎక్కం తప్పు చెప్పే పిల్లనే. నా పద్నాలుగేండ్ల వయసులో నాకు రాని ప్రశ్న అది. గోడ అవతలికి పోతేనే వచ్చే ప్రశ్న.

స్పెయిన్ నుంచి వచ్చినంక అమ్మకు ఫోన్ చేసి కోట గురించి చెప్పిన. నీళ్ళ మెట్ల సంగతి చెప్పిన. అంతా విని, "ఎవ్వరూ ఏమనలేదా బిడ్డా?" అన్నది. "ఎవ్వరూ ఏమనలేదమ్మా" అన్న. కొంచెంసేపు ఊకున్నది. "మంచిగైంది. ఇంకోసారి పో" అన్నది. నా రెండు రోజుల లెక్క ఆమెకు ఒప్పజెప్పిన. ఆమె ఒప్పుకున్నది. ఇంకెవరికీ చెప్పేది లేదు.

హాస్టళ్ళలో ఉన్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు చదవండి. చదివినంత తిరగండి కూడా. ఫొటో దిగండి, దాచుకోకండి. ఎవరన్నా పైసలెక్కడివని అడిగితే జవాబు చెప్పకండి, ప్రశ్న అడగండి. వచ్చే ఏడు పదో తరగతి పిల్లల్ని దౌలతాబాద్ తీసుకపోదామని నెలకు కొంత జమ చేస్తున్న. కోట గేటు కాడ నిలబడి వాళ్ళు ముఖాలు కడుక్కుంటరు, కడుపునిండ నీళ్ళు తాగుతరు. లెక్క అడిగేటోళ్ళు ఎవరన్నా ఉంటే అక్కడికే రండి.